మాట మోసే పిల్ల

"చెప్పవే పిల్లా! విడుదలైన మనిషి ఈ పొయ్యి మీద వండింది ఇంక తినకూడదని మీ నాన్నతో చెప్పు."

అమ్మమ్మ వంటపాకలో కూర్చుని గుమ్మడాకుల ఈనెలు తీస్తోంది. నాన్న ఆ పాక గోడకే వీపు ఆనించి బయట కూర్చున్నాడు. మధ్యలో ఉన్నది జానెడు మందం మట్టిగోడ. అమ్మమ్మ దగ్గినా నాన్నకి వినిపిస్తుంది. అయినా ఆ మాట జియోనే నోటి మీదుగా రాకపోతే నాన్న విన్నట్టు కాదు.

అత్తా అల్లుడూ ఎదురెదురు పడకూడదు. ముఖం చూసి మాట్లాడకూడదు. పేరు అసలే పలకకూడదు. ఈ కాలంలో చాలా ఇళ్ళలో ఒక కోడిని అత్త చేతిలో పెట్టి ఆ మర్యాదని సడలించుకున్నారు గానీ, అమ్మమ్మ పాతకాలం మనిషి. అమ్మ బతికున్నన్నాళ్ళూ అటు మాట ఇటు, ఇటు మాట అటు అమ్మే మోసేది. వానల్లో అమ్మ పోయింది. ఆ బరువు వచ్చి జియోనే నెత్తిన పడింది.

"నాన్నా," అంది జియోనే నేల చూస్తూ. "తినకూడదట."

నాన్న చేతిలో సగం కొరికిన చిలగడదుంప ఉంది. దాన్ని ఒకసారి చూసుకుని, మెల్లగా పళ్ళెంలో పెట్టేశాడు. నిన్ననే పెద్దలు కూర్చుని ఆయన తల గొరిగించారు. పెళ్ళాం పోయిన ఇల్లరికపు అల్లుణ్ణి విడుదల చేసి, తన ఊరికి పంపేసే పద్ధతి అది. గుండు మీద చలి తుంపర చిన్న చిన్న చుక్కలుగా నిలబడి ఉంది. ఆయన తుడుచుకోవడం లేదు.

సైకిల్ పట్టుకుని నిలబడ్డ లైటన్ మామ గొంతు సవరించుకున్నాడు. అమ్మకి అన్న ఆయన. ఈ ఇంట్లో పుట్టిన పిల్లల మీద ఆయన మాటే చివరి మాట.

"సరే బావా. శుక్రవారం సంత లారీ. నీ చాప, నీ పార సర్దుకో. ఇంకేం మిగల్లేదు కదా?"

"శుక్రవారమే బళ్ళో ఆఖరి రోజు బావా. జియోనే ఊరందరి ముందూ పాఠం చదువుతుంది. మేడం దీన్నే ఎంచింది. అది చూసి, శనివారం పోతాను."

"శనివారం ఏ లారీ ఉంది సరస్సు వైపు?"

"నడిచి పోతాను."

"నడిచా! కొండ దిగి అంత దూరం?"

"వచ్చినప్పుడు నడిచే వచ్చాను."

"వచ్చినప్పుడు పెళ్ళికొడుకువి నాయనా. కాళ్ళకి రెక్కలుంటాయి." మామ నవ్వబోయి, బాగుండదని ఆపుకున్నాడు. "చూడు బావా, నాకేం నీ మీద కోపం లేదు. ఈ ఇల్లు కట్టావు, ఇటుకలన్నీ నువ్వే కాల్చావు. మా చెల్లిని ఏనాడూ కొట్టలేదు. ఆ మాట నిన్న పెద్దల ముందు నేనే చెప్పాను. కానీ విడుదలైనవాడు ఊళ్ళో తిరుగుతుంటే జనం ఏమంటారు? చచ్చినదాని నీడ ఇంకా వీడి వెంటే ఉందంటారు. ఆ నీడ పిల్ల మీద పడితే?"

"అయితే పిల్లని నాతో పంపించు. నీడా వెలుగూ నేనే చూసుకుంటాను."

వంటపాకలో ఆకులు ఒలిచే చప్పుడు ఆగింది.

"ఆ మాట ఇంకెక్కడా అనకు," అన్నాడు మామ. గొంతు పెద్దది చెయ్యలేదు. "పుంజు ఎంత గట్టిగా కూసినా పిల్లలు పెట్ట వెంటే పోతాయి. మా చెల్లి కూతురు మా ఇంటి పిల్ల."

నాన్న పళ్ళెం పక్కకి జరిపాడు. ఆ తర్వాత జియోనే వైపు తిరిగాడు.

"అత్తయ్యతో చెప్పు తల్లీ. నేను ఒక్క రోజు అడుగుతున్నానని. ఇల్లు అడగట్లేదు, పొలం అడగట్లేదు. ఒక్క రోజు."

జియోనే పాక గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అమ్మమ్మ తల ఎత్తలేదు. ఒలిచిన ఆకునే మళ్ళీ ఒలుస్తోంది.

"అమ్మమ్మా, నాన్న..."

"నాకు చెవులున్నాయిలే." అమ్మమ్మ ముక్కు చీది, ఒంటికి చుట్టుకున్న చితెంజె గుడ్డ కొంగుతో తుడుచుకుంది. "నేనేం చెప్పను? మీ మామ చెప్పిందే మాట. అదే చెప్పు పో."

జియోనే వెనక్కి వచ్చి నాన్న ముందు నిలబడింది. నాన్న చూస్తున్నాడు, మామ చూస్తున్నాడు. నోరు తెరిచింది. మాట రాలేదు.

"ఏం చెప్పిందే?" అన్నాడు మామ.

గోడ అవతలి నుంచి అమ్మమ్మ అరిచింది. "చెప్పవేం? నాలుక మింగేశావా?"

జియోనే గోడకి ఆనించి ఉన్న గడ్డిచీపురు తీసుకుంది. ఈ వారం తరగతి ఊడ్చే వంతు తమ వరసది. చీపురు చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా బడి దారి పట్టింది.

*

తరగతి గదిలో బెంచీలు లేవు. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి ఊడ్చాక, పిల్లలు వరసలుగా నేల మీద కూర్చుంటారు. మేడం మ్సోసా మొదట అందరి గోళ్ళూ చూసింది. ఆ తర్వాత సీసా మూతలు పంచి కూడికలు చేయించింది. మూతలు లెక్కకి మించి ఉన్నవాళ్ళు పక్కవాళ్ళవి లాక్కున్నట్టు లెక్క. రోజూ ఎవరో ఒకరు దొరుకుతారు. ఇవాళ ఎస్నాత్ దొరికింది.

"మేడం, అవి వాటంతట అవే నా ఒళ్ళోకి దొర్లాయి!"

"నీ ఒళ్ళోకే ఎందుకు దొర్లాలే?"

"నాది పెద్ద ఒళ్ళు మేడం."

గది గొల్లుమంది. జియోనే కూడా నవ్వింది గానీ, శబ్దం లేకుండా.

అమ్మ పోయిన తర్వాత బళ్ళో జియోనే గొంతు ఎవరూ వినలేదు. మేడం ప్రశ్న అడిగితే నేల మీది మెత్తటి దుమ్ములో వేలితో జవాబు రాస్తుంది. ఎప్పుడూ సరిగ్గానే రాస్తుంది. మేడం వంగి చూసి, పైకి చదివి, తరగతికి వినిపిస్తుంది. ఇంట్లో వాళ్ళ మాటలు జియోనే మోస్తే, బళ్ళో జియోనే మాటలు మేడం మోస్తోంది.

అయినా ఆఖరి రోజు చదవడానికి మేడం ఆమెనే ఎంచింది. దానికో కారణం ఉంది. పాఠం పుస్తకం గుంపుకి ఒక్కటి. దాని చుట్టూ పిల్లలు కోళ్ళలా మూగుతారు. గట్టి పిల్లలు ముందు చేరితే, నెమ్మది పిల్ల జియోనేకి ఒకటో తరగతి నుంచీ ఎప్పుడూ ఎదురు వైపే చోటు దొరికేది. అలా ఆమె అక్షరాలన్నీ తలకిందులుగా నేర్చుకుంది. పుస్తకం ఎటు తిప్పి పట్టినా తడబడకుండా చదవగలిగేది ఆ తరగతిలో ఆమె ఒక్కతే.

ఇంట్లో అమ్మ మొక్కజొన్న సంకటి గెలుకుతూ చదివించుకునేది. అమ్మకి చదువు రాదు. ముగించగానే "మళ్ళీ చదువు" అనేది. సంకటి దించేదాకా అలా మళ్ళీ మళ్ళీ.

"రా జియోనే," అంది మేడం. "ఎల్లుండే శుక్రవారం."

జియోనే లేచి నల్లబల్ల దగ్గర నిలబడింది. పుస్తకం తెరిచింది. గదినిండా కళ్ళు. పెదవులు కదిలాయి, గొంతు కదలలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మేడం!" ఎస్నాత్ లేచింది. "అది వాళ్ళ అమ్మమ్మ లాంటిది మేడం. మధ్యలో గోడ ఉంటేనే మాట్లాడుతుంది!"

మళ్ళీ గది గొల్లుమంది. జియోనే చెవులు వేడెక్కాయి. ఎస్నాత్ నాలుక కరుచుకుని, స్నేహితురాలి వైపు జాలిగా చూసింది. ఆ పిల్ల నోరు అంతే, జారిన తర్వాత గాని తెలీదు.

మేడం మాత్రం నవ్వలేదు. సుద్దముక్క అటూ ఇటూ దొర్లిస్తూ ఒక్క క్షణం ఆలోచించింది.

"అలాగే. గోడే ఇద్దాం దానికి. జియోనే, పుస్తకం తీసుకుని బయటికి వెళ్ళు. ఆ కిటికీ కింద కూర్చో. మేమెవరం నిన్ను చూడం."

కిటికీకి తలుపులు ఎప్పుడో పోయాయి, ఉత్త కన్నమే ఉంది. దాని కింద చల్లటి ఇటుకలకి వీపు ఆనించి కూర్చుంది జియోనే. ఎదురుగా మొక్కజొన్న కోసేసిన చేను, ఆ వెనక మంచు కప్పిన కొండ. మనిషి లేడు. లోపల గుసగుసలు ఆగిపోయాయి.

"కోడి... కోడి తన పిల్లల్ని పిలిచింది," అని చదివింది. గొంతు తనది కానట్టుంది. "వాన వస్తోంది, రండి అంది. అన్నీ వచ్చి రెక్కల కిందికి చేరాయి. ఒక పిల్ల మాత్రం రాలేదు."

ఆగింది. ముక్కులో మంట. సంకటి గరిటె కుండకి తగిలే చప్పుడు ఎక్కడో విన్నట్టు అనిపించింది. మళ్ళీ చదువు.

మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఈసారి ఆగలేదు. కోడి వానలోకి వెళ్ళి, తడిసిన పిల్లని వెతికి తెచ్చుకునేదాకా చదివింది.

లోపలి నుంచి వాన మొదలైంది. అది వాన చప్పట్లు. ఆ తరగతిలో ఎవరైనా గొప్ప పని చేస్తే అందరూ కలిసి అలా కొడతారు. ముందు ఒక్క వేలు అరచేతి మీద, చినుకుల్లా. ఆ తర్వాత రెండు వేళ్ళు, మూడు. చివరికి చేతులు మొత్తం, రేకుల కప్పు మీద జడివాన కురిసినట్టు. కిటికీలోంచి ఎస్నాత్ తల బయటికి వచ్చింది.

"ఏయ్, ఏడుస్తున్నావా?"

"లేదు."

"మాట్లాడావు! మేడం, ఇది నాతో మాట్లాడింది! మొదట నాతోనే!"

మేడం కూడా కిటికీ దగ్గరికి వచ్చింది. సుద్ద చేత్తో ముక్కు తుడుచుకున్నట్టుంది, ముక్కు మీద తెల్లటి మచ్చ.

"శుక్రవారం గోడ ఉండదు జియోనే."

"తెలుసు మేడం."

"మరి ఎలా?"

జియోనే పుస్తకం మూసింది. "నాన్న వస్తే చదువుతాను."

*

గురువారం సాయంత్రం నాన్న చాపలో పార చుట్టి, అరటినారతో కట్టాడు. అంతే ఆయన సామాను. ఆయన కట్టిన ఇల్లు, ఆయన నాటిన మామిడి చెట్టు, ఆయన కూతురు ఆ చాపలో పట్టేవి కావు.

"తెల్లారగానే బయల్దేరాలి. మామ వచ్చి లారీ ఎక్కిస్తాడట," అన్నాడు. "ఇలా కూర్చో. ఆ కోడి పాఠం నాకు ఇప్పుడే చదివి వినిపించు."

జియోనే తల అడ్డంగా ఊపింది.

"ఒక్కసారి తల్లీ."

"రేపు బళ్ళో."

"రేపు నేను రాలేనేమో."

"వస్తావు."

"మొండికెయ్యకు. మీ అమ్మకి ఎన్నిసార్లు చదివేదానివి! నాకు ఒక్కసారి చదవలేవా?"

చదవగలదు. పుస్తకం కూడా అక్కర్లేదు, అంతా నోటికి వచ్చు. కానీ ఇప్పుడే వినేస్తే రేపు బడికి రావడానికి నాన్నకి పని ఏముంటుంది? ఆ మాట ఆయనకి చెప్పడం తెలియక, పెదవులు బిగించుకుని, మోకాళ్ళ మధ్య ముఖం దాచుకుంది.

నాన్న ఇంక అడగలేదు. ఆయన చెయ్యి ఆమె తల మీదికి వచ్చి, కాసేపు ఉండి, వెళ్ళిపోయింది.

వంటపాకలోంచి పొగ వస్తోంది. ఆ పొగ వెంటే అమ్మమ్మ గొంతు కూడా వచ్చింది.

"పిల్లా! మీ నాన్నతో చెప్పు. ఏటి దారి అంతా బురదగా ఉందట. బడి మీదుగా పొమ్మని చెప్పు."

నాన్న తల ఎత్తాడు. కొన్నాళ్ళుగా పడుతున్నది ఒట్టి తుంపరే. దానికి ఏటి దారి బురద కాదని ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

"నాన్నా, బడి మీదుగా పొమ్మంటోంది," అంది జియోనే. ఇన్నాళ్ళలో మోసిన మాటలన్నిటిలోకీ అదే తేలిక మాట.

"అలాగేనని చెప్పు," అన్నాడు నాన్న.

*

బడి ముందు మైదానంలో ఊరంతా ఉంది. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాపల మీద. లైటన్ మామ ముందు వరసలో ఇస్త్రీ కోటు తొడుక్కుని కూర్చున్నాడు. తెల్లవారుజామున నాన్నని బడి దారినే తీసుకెళ్ళి లారీ దగ్గర దించి వచ్చాడు. లారీ నిండేదాకా కదలదు. బడి వెనక రోడ్డు మీదే ఆగి ఉంది. దాని కూత మైదానంలోకి వినిపిస్తూనే ఉంది.

పేరు పిలవగానే పిల్ల మధ్యలోకి వస్తుంది. ఆ పిల్ల తాలూకు వాళ్ళు ఈలలు వేస్తూ, ఆడుతూ పరిగెత్తుకొచ్చి, మెడ చుట్టూ కొత్త చితెంజె కట్టి, ఎత్తుకుని తీసుకుపోతారు. సొంతవాళ్ళు రాకుండా పిల్ల అక్కడి నుంచి కదలకూడదు. ఎస్నాత్ పేరు పిలిచినప్పుడు వాళ్ళ పిన్నులు ముగ్గురూ ఒకేసారి ఎగబడి, పిల్లని కిందపడేశారు. మైదానమంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మమ్మ ఒళ్ళో కూడా ఒక చితెంజె మడత ఉంది. నీలం రంగు. అది అమ్మది, ఒక్కసారే కట్టింది.

"మూడో తరగతి, జియోనే! మనకి పాఠం చదువుతుంది."

జియోనే మధ్యలోకి వచ్చింది. కళ్ళు జనం మీద అటూ ఇటూ వెతికాయి. నాన్న లేడు. పుస్తకం తెరిచింది. భయంలో చేతులకి అలవాటైన వైపే పట్టుకుంది.

"పుస్తకం తలకిందులుగా పట్టింది చూడండ్రా!" అని ఎవరో అన్నారు. నవ్వులు మొదలయ్యాయి. లైటన్ మామ కోటు గుండీలు సర్దుకుంటూ తల దించుకున్నాడు.

అప్పుడు కనబడింది. నీళ్ళ పంపు పక్కన గుండు, భుజం మీద చాప.

"కోడి తన పిల్లల్ని పిలిచింది," అని చదివింది జియోనే.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తలకిందుల పుస్తకంలోంచి మాటలు తిన్నగా, తడబడకుండా వస్తున్నాయి. ఒక పిల్ల రాలేదన్న చోట ఆమె ఆగలేదు గానీ, చాపల మీద ఎవరో ముసలమ్మ ముక్కు చీదింది. కోడి తడిసిన పిల్లని రెక్క కిందికి తెచ్చుకుంది. పాఠం అయిపోయింది.

మైదానం ఈలలతో హోరెత్తింది. హెడ్మాస్టరు ఆమె చేతిలో బహుమతి పొట్లం పెట్టి, చెయ్యెత్తి అరిచాడు. "ఎవరిదండీ ఈ పిల్ల? రండి, తీసుకుపొండి!"

నాన్న పంపు దగ్గర నుంచి పరుగు తీశాడు. అదే క్షణంలో అమ్మమ్మ నీలం చితెంజె విప్పుకుని చాప మీద నుంచి లేచింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

నాన్న అక్కడికక్కడే ఆగిపోయాడు. తల వంచుకుని, వెనక్కి తిరిగి, దారి ఇచ్చాడు. అమ్మమ్మ కూడా చటుక్కున చితెంజె ముఖం మీదికి లాక్కుని, అటు తిరిగి, దారి ఇచ్చింది. ఆమె వెళ్తుందని ఆయన, ఆయన వెళ్తాడని ఆమె. ఇద్దరూ వీపులు తిప్పి, మర్యాదగా, కదలకుండా నిలబడ్డారు.

మధ్యలో జియోనే ఒక్కతే.

ఈలలు తగ్గాయి. ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. హెడ్మాస్టరు ఎత్తిన చెయ్యి దించాడు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. రోడ్డు మీద లారీ పొడుగ్గా కూసింది.

చినుకు పడినట్టు ఒక చిన్న చప్పుడు. ఎస్నాత్. అరచేతి మీద ఒక్క వేలు. పక్కన ఇంకొకరు. మూడో తరగతి మొత్తం మెల్లగా వాన మొదలుపెట్టింది. మేడం మ్సోసా కూడా పెదవి కొరుక్కుంటూ వాళ్ళతో కలిసింది.

ఆ వాన చప్పుడులో జియోనే నోరు తెరిచింది.

"అమ్మమ్మా! నాన్న నిన్ను రమ్మంటున్నాడు."

వాన ఆగింది.

"నాన్నా! అమ్మమ్మ నిన్ను రమ్మంటోంది."

వాళ్ళిద్దరూ అలా అనలేదని మైదానంలో ప్రతివాళ్ళకీ తెలుసు. అయినా ఒక్కరూ నవ్వలేదు. జియోనే ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు చాచింది. పొట్లం జారి దుమ్ములో పడింది.

నాన్న వీపు అలాగే ఉంది. లారీ మళ్ళీ కూసింది. ఆయన ఒక అడుగు రోడ్డు వైపే వేశాడు.

అప్పుడు నీలం గుడ్డ వెనక నుంచి అమ్మమ్మ గొంతు వచ్చింది. ఎవరి నోటి మీదుగానూ కాదు.

"కెఫాసీ!"

అల్లుడి పేరు ఆ నోట ఏనాడూ రాలేదు. చాపల మీద ఆడవాళ్ళు నోళ్ళ మీద చేతులు వేసుకున్నారు. ముందు వరసలో ఒక కుర్చీ వెనక్కి పడింది. లైటన్ మామ లేచి నిలబడ్డాడు.

నాన్న ఆగాడు. ఇంకా తిరగలేదు.

జియోనే చేతులు చాచే ఉంచింది.